ప్యాచ్ మీద నీలం ఆగడం లేదా? బ్యారెల్‌లో పేరుకున్న రాగికి సాల్వెంటు ఎంచుకోవడం గురించి

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎందుకంటే జవాబు మొత్తం ఆ వివరాల మీదే ఆధారపడి ఉంది. మీది .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్. ఇప్పటివరకు దాదాపు 400 తూటాలు కాల్చారు. ప్రతిసారీ మామూలు పౌడర్ సాల్వెంటుతో (మందు కాలిన మసిని కరిగించే ద్రవంతో) మసి తుడిచి, నూనె రాసి పెట్టారు. 100 మీటర్ల దూరంలో మొదట్లో 25 మిల్లీమీటర్లలో ఇమిడిన గ్రూపు, అంటే వరసగా కాల్చిన తూటాల రంధ్రాల గుంపు, ఇప్పుడు 50 మిల్లీమీటర్లు దాటుతోంది. తూటా బయటికి వచ్చే కొన, అంటే మజిల్ దగ్గర లైటు వేసి చూస్తే, లోపల మెలితిరిగి ఉండే రైఫ్లింగ్ గట్ల మీద రాగి చారలు కనిపించాయి. ఒక స్నేహితుడి మాట మీద ఘాటైన అమ్మోనియా సాల్వెంటు కొని, కంచు బ్రష్షు, ఇత్తడి జాగ్ (తుడిచే గుడ్డ ముక్కను, అంటే ప్యాచ్‌ను, పట్టి ఉంచే రాడ్ కొస) వాడి మూడు సాయంత్రాలు తుడిచారు, అయినా రాగి కరుగుతోందనడానికి గుర్తుగా ప్యాచ్ నీలంగానే వస్తోంది. ఇంతలో మరొకరు అమ్మోనియా ఉక్కును తినేస్తుందని భయపెట్టారు. ఏ సాల్వెంటు కొనాలి, బ్యారెల్ ఇప్పటికే పాడైపోయిందా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీరు చెప్పిన తీరులో, అంటే ప్రతి సాయంత్రం పని అయ్యాక పొడిగా తుడిచి నూనె పెట్టి ఉంటే, బ్యారెల్ పాడై ఉండే అవకాశం చాలా తక్కువ. ఇక నీలం రంగు సంగతి: దానిలో కొంత భాగం బ్యారెల్‌లోని రాగిది, మిగిలినది మీ చేతిలోని ఇత్తడి జాగ్‌ది. మొదటి ప్రశ్నకు నా జవాబు ఏమిటంటే, మీకు ఇంతకన్నా ఘాటైన సాల్వెంటు అవసరం లేదు. మసిని బాగా వదిలించే ఒక కార్బన్ సాల్వెంటు, అమ్మోనియా లేని నిదానమైన ఒక రాగి సాల్వెంటు, ఒక నైలాన్ బ్రష్షు, నికెల్ పూత ఉన్న జాగ్ లేదా ప్లాస్టిక్ జాగ్ కొనుక్కోండి. చేతిలో ఉన్న అమ్మోనియా సీసాను పారేయనక్కరలేదు, దానికీ ఒక చోటు ఉంది. ఇలా ఎందుకు చెబుతున్నానో అర్థం కావాలంటే రాగి ఎలా అంటుకుంటుందో, సాల్వెంటు దాన్ని ఎలా కరిగిస్తుందో కొంచెం వివరంగా చూడాలి.

తూటా మీద ఉండే జాకెట్ సాధారణంగా గిల్డింగ్ మెటల్, అంటే సుమారు 95 శాతం రాగి, 5 శాతం జింకు కలిసిన మిశ్రమం. ఇది ఉక్కు కన్నా చాలా మెత్తన. మీ క్యాలిబర్‌లో తూటా దాదాపు సెకనుకు 800 మీటర్ల వేగంతో, మండుతున్న వాయువు వెనక నుంచి తోస్తుండగా, గట్లను ఒరుసుకుంటూ పోతుంది. బ్యారెల్ లోపలి ఉపరితలం కంటికి అద్దంలా కనిపించినా, ఫ్యాక్టరీలో రంధ్రాన్ని సైజుకు తెచ్చే రీమర్ తిరిగినప్పుడు పడిన సన్నని అడ్డగీతలు దాని మీద ఉంటాయి. ఆ గీతల అంచులు ఆకురాయి పళ్లలాగా జాకెట్‌ను గీరుతాయి. చేత్తో ల్యాపింగ్ చేసిన, అంటే లోపల నున్నగా రుద్దిన, బ్యారెళ్లలో ఈ గీతలు అడ్డంగా కాకుండా తూటా పోయే దిశలో ఉంటాయి కనుక వాటికి రాగి తక్కువగా పడుతుంది. తూటా రైఫ్లింగ్‌లోకి ప్రవేశించే చోట, అంటే థ్రోట్ దగ్గర, వేడికి ఉక్కు ఎండిన చెరువు మట్టిలా సన్నగా బీటలు వారుతుంది, అక్కడ కూడా జాకెట్ గీరుకుపోతుంది. ఒకసారి రాగి అంటిన చోట తరువాతి తూటా రాగి మీదే రాగిని రాస్తుంది, అందుకే పేరుకోవడం మొదలైన బ్యారెల్ త్వరత్వరగా పేరుకుంటుంది. మొత్తం తూటా రాగితోనే చేసిన రకాలు జాకెట్ తూటాల కన్నా ఎక్కువగా అంటుతాయి. వాటి నడుము చుట్టూ గాడులు తీయడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

ఇది కొత్త బాధేమీ కాదు. పొగ లేని తుపాకి మందు వచ్చాక తూటాల వేగం పెరిగి, రాగి, నికెల్ కలిసిన జాకెట్లు వాడిన రోజుల్లో మజిల్ దగ్గర లోహం గడ్డలు గడ్డలుగా అంటుకునేది. అప్పటి సైనికులు అమ్మోనియా నీళ్లలో అమ్మోనియం పర్‌సల్ఫేట్, అమ్మోనియం కార్బొనేట్ కలిపిన ద్రావణాన్ని బ్యారెల్‌లో పోసి దాన్ని వదిలించేవారు. 1920లలో అమెరికా సైన్యం గిల్డింగ్ మెటల్ జాకెట్లకు మారడంతో ఆ గడ్డల బాధ చాలావరకు తగ్గింది. ఫిరంగుల్లో ఇదే సమస్యకు మందు సంచిలోనే తగరం లేదా సీసం రేకు పెట్టే ఉపాయం మొదటి ప్రపంచ యుద్ధ కాలం నాటిది. కరిగిన తగరం రాగితో కలిసి దాన్ని పెళుసుగా మారుస్తుంది, తరువాతి గుండు ఆ పొరను ఊడ్చుకుపోతుంది. ఇప్పుడు కొన్ని రైఫిల్ మందులలో రాగిని తగ్గించే పదార్థాలు కలుపుతున్నది ఈ ఆలోచనతోనే.

ఆ పాత ద్రావణంలో పర్‌సల్ఫేట్ ఎందుకు కలిపారో తెలుసుకుంటే సాల్వెంటు ఎంపిక సగం అర్థమైనట్టే. అమ్మోనియా ఒక్కటే ఉంటే లోహపు రాగిని కరిగించలేదు. రాగి ముందు ఆక్సీకరణం చెందాలి, అంటే ఎలక్ట్రాన్లు వదులుకోవాలి. ఆ తరువాతే అమ్మోనియా దాన్ని పట్టుకుని నీటిలో కరిగే సంయోగంగా మారుస్తుంది. పర్‌సల్ఫేట్ చేసింది మొదటి పని. ఇప్పటి సాల్వెంట్లలో ఆ పనిని ఎక్కువగా గాలిలోని ఆక్సిజనే చేస్తుంది. దీన్ని కళ్లారా చూడాలనుకుంటే ఒక విడి తూటాను, అంటే మందు నింపే ఇత్తడి డొక్కూ, మందూ లేని ఒట్టి తూటాను, చిన్న గాజు గిన్నెలో నిలబెట్టి, సగం మునిగేలా అమ్మోనియా సాల్వెంటు పోసి రాత్రంతా మూత వేయకుండా గాలి ఆడే చోట ఉంచండి. తెల్లవారి తీసి చూస్తే అడుగు భాగం కొంచెం మసకబారి ఉంటుంది. ద్రవం గాలిని తాకే గీత దగ్గర మాత్రం తూటా చుట్టూ ఒక పట్టీలా బాగా తినేసినట్టు కనిపిస్తుంది. ఒకే సీసాలోని ద్రవం, ఒకే తూటా, అయినా గాలి అందిన చోట ఒక తీరు, అందని చోట ఒక తీరు.

బ్యారెల్‌కు ఒక చివర బిరడా పెట్టి నిండుగా సాల్వెంటు పోసి నానబెట్టే పద్ధతిని నేను సమర్థించకపోవడానికి కారణం ఇదే. అలా పోస్తే లోపల ఉన్న కాస్త ఆక్సిజన్ అయిపోయాక పని నత్తనడక నడుస్తుంది. పలచగా రాసి, కొద్ది నిమిషాలు ఉంచి, తుడిచి మళ్లీ కొత్తగా రాస్తే, తక్కువ ద్రవంతో ఎక్కువ రాగి వస్తుంది. నురగ రూపంలో వచ్చే సాల్వెంట్లు బాగా పనిచేయడానికి కూడా, నా ఉద్దేశంలో, ఆ బుడగల్లోని గాలి సాయపడుతుంది.

ఇక్కడే రంగు గురించి ఒక మాట. రాగి మొదట కరిగినప్పుడు ఏర్పడే సంయోగానికి రంగు ఉండదు. అది గాలి తగిలి ఇంకొంచెం ఆక్సీకరణం చెందాకే ముదురు నీలం వస్తుంది. అందువల్ల రాడ్ నుంచి ఊడదీసిన ప్యాచ్‌ను చూసి అప్పటికప్పుడు తీర్పు చెప్పకండి. తెల్లని కాగితం మీద పరిచి ఐదు నిమిషాలు ఆగి చూడండి. తెల్లగా ఉందనుకున్న ప్యాచ్ మీద గట్ల వరసకు సరిపోయేలా నీలపు చారలు తేలడం నేను చాలాసార్లు చూశాను. ఒలియిక్ ఆమ్లం ఉన్న సాల్వెంట్లలో రంగు నీలం కన్నా ఆకుపచ్చ వైపు, రాగి చిలుము రంగుకు దగ్గరగా ఉంటుంది. కొన్ని సాల్వెంట్లలో నీలం అసలు రాదు, గోధుమ రంగే వస్తుంది. కనుక రంగు రాలేదంటే రాగి లేదని అర్థం కాదు, సీసా మీద ఏం రాసి ఉందో చదవాలి.

మీ నీలం ఎందుకు ఆగడం లేదో ఇప్పుడు చెప్పడం తేలిక. ఇత్తడి అంటే రాగి, జింకు. కంచు అంటే రాగి, తగరం. బ్యారెల్‌లోని రాగిని కరిగించే ద్రవం జాగ్‌ను, బ్రష్షు తీగలను కూడా అదే తీరున కరిగిస్తుంది. కొన్నేళ్ల కిందట నేనూ ఒక వారం పాటు ఇలాగే నీలాన్ని వెంటాడాను. చివరికి విసిగి, తడి ప్యాచ్ చుట్టిన జాగ్‌ను బ్యారెల్‌లోకి పంపకుండా బల్ల మీద పెట్టి వదిలేశాను. పది నిమిషాల తరువాత విప్పి చూస్తే, జాగ్ మీద ఎన్ని ఉంగరాలు ఉన్నాయో ప్యాచ్ మీద అన్ని నీలపు గీతలు, అచ్చు గుద్దినట్టు పడి ఉన్నాయి. మీరూ ఇవాళే ఆ పరీక్ష చేయండి. నైలాన్ బ్రష్షుకు, ప్లాస్టిక్ జాగ్‌కు మారాక వచ్చే నీలమే బ్యారెల్ చెప్పే మాట. కంచు బ్రష్షును మాత్రం పారేయకండి, మసిని వదిలించే దశలో అది నైలాన్ కన్నా మేలు. రాగి సాల్వెంటు దగ్గరికి దాన్ని రానివ్వకపోతే చాలు. బ్రష్షు ఏదైనా సీసాలో ముంచవద్దు, ఒక్కసారి ముంచితే ఆ సీసా మొత్తం నీలంగా మారి పరీక్షకు పనికిరాకుండా పోతుంది. డ్రాపర్‌తో బ్రష్షు మీద చుక్కలు వేయడమే సరైన అలవాటు.

రెండో కారణం మసి. బ్యారెల్‌లో రాగి ఒక పొరగా, మసి ఒక పొరగా విడివిడిగా ఉండవు. ఒక తూటా రాగిని రాస్తుంది, దాని వెనక వచ్చే మంట దాని మీద మసిని కాలుస్తుంది, తరువాతి తూటా ఆ మసి మీద మళ్లీ రాగిని రుద్దుతుంది. మీ 400 తూటాల్లో పౌడర్ సాల్వెంటు పై మసిని మాత్రమే తీసింది, కింద ఈ పొరలు గట్టిపడుతూ వచ్చాయి. రాగి సాల్వెంటుకు మసి మీద పట్టు తక్కువ. పై రాగి పొర కరిగి కింద మసి తగలగానే అది ఆగిపోతుంది, ప్యాచ్ తెల్లగా వస్తుంది, బ్యారెల్ శుభ్రమైందని మనం అనుకుంటాం. నాలుగు తూటాలు కాల్చగానే మళ్లీ అదే పరిస్థితి. అందుకే చాలాకాలం పేరుకున్న బ్యారెల్‌కు ముందు కార్బన్ సాల్వెంటు, తరువాత రాగి సాల్వెంటు, మళ్లీ కార్బన్, మళ్లీ రాగి, ఇలా మార్చి మార్చి రెండు మూడు ఆవృత్తాలు అవసరమవుతాయి. మధ్యలో ప్రతిసారీ పొడి ప్యాచ్‌లతో, వీలైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన ప్యాచ్‌తో, ముందు వాడిన ద్రవాన్ని పూర్తిగా తీసేయాలి. రెండు కంపెనీల సాల్వెంట్లు బ్యారెల్‌లో కలిస్తే వాటి మధ్య ఏ చర్య జరుగుతుందో సీసాలు అమ్మేవారు కూడా పూచీ పడరు.

ఇక సాల్వెంట్ల రకాల సంగతి. పౌడర్ సాల్వెంట్లలో అందరికీ తెలిసిన హోప్స్ నంబర్ 9 1903 నుంచి ఉంది. దాని ప్రధానమైన పని మసి, మందు అవశేషం. రాగిని అది తీసేది స్వల్పం. ఘాటైన అమ్మోనియా రకాలకు స్వీట్స్ 7.62, బార్న్స్ సీఆర్-10 మంచి ఉదాహరణలు. స్వీట్స్‌లో అమ్మోనియా సుమారు 5 శాతం ఉంటుంది. ఇలాంటివాటిని బ్యారెల్‌లో 15 నిమిషాలకు మించి ఉంచవద్దని తయారీదారులే చెబుతారు. మూడో రకం అమ్మోనియా బదులు దానికి దగ్గరి రసాయనాలైన అమీన్లతో, రాగిని పట్టుకునే ఇతర పదార్థాలతో చేసినవి. బోర్ టెక్ ఎలిమినేటర్ ద్రవంగా, వైప్ అవుట్ నురగగా దొరుకుతాయి. వీటికి ముక్కు పగిలే వాసన ఉండదు, గంటల తరబడి ఉంచవచ్చు, వైప్ అవుట్ లాంటి నురగను రాత్రంతా వదిలేయడానికి కూడా తయారీదారు అనుమతిస్తాడు. ఒక నిమిషంలో ఎంత రాగి తీస్తుందన్న లెక్కలో అమ్మోనియా రకం ముందుండవచ్చు, కానీ అది కేవలం 15 నిమిషాల పరుగు. నిదానంగా పనిచేసేది ఎనిమిది గంటలు మీరు నిద్రపోతుండగా పనిచేస్తుంది. మీ వద్ద సమయం ఉంది, మీ బ్యారెల్‌కు తొందర లేదు. అందుకే మీకు మూడో రకాన్ని సూచిస్తున్నాను. మ్యాచ్ మధ్యలో అరగంట విరామంలో బ్యారెల్‌ను దారికి తెచ్చుకోవలసిన వ్యక్తి అడిగి ఉంటే అమ్మోనియా సీసానే చేతికిచ్చేవాణ్ని.

ఇప్పుడు అమ్మోనియా ఉక్కును తింటుందన్న మాట. రాగితో కలిసినట్టు ఇనుముతో అమ్మోనియా నీటిలో నిలకడైన సంయోగం ఏర్పరచదు. పైగా ఆ ద్రావణం క్షార స్వభావం కలది, క్షారంలో ఇనుము తుప్పు పట్టడం నెమ్మదిస్తుంది. బ్యారెళ్లకు వాడే క్రోమ్-మాలీ ఉక్కు అయినా, 416ఆర్ రకపు స్టెయిన్‌లెస్ అయినా, చెప్పిన సమయం పాటు చెప్పిన తీరులో వాడితే అమ్మోనియా వల్ల నష్టం ఉండదు. అయితే పొగ ఊరికే రాదు. ఈ భయానికి మూలాలు మూడు ఉన్నాయని నా అభిప్రాయం. మొదటిది, రాత్రంతా వదిలేస్తే అమ్మోనియా ముందు ఆవిరైపోయి, నీరు, లవణాలు, సబ్బు లాంటి పదార్థాలు మిగిలి, ఏ నూనే లేని ఉక్కు మీద తుప్పు గుంటలు పడతాయి. అక్కడ తినేది నీరు, పేరు అమ్మోనియాకు వస్తుంది. రెండోది మరీ చిత్రమైనది. రాగి పొర కింద ఎప్పటి నుంచో ఉన్న గుంటలు ఆ రాగి పోగానే బయటపడతాయి, నిన్నటి దాకా నున్నగా ఉన్న బ్యారెల్ ఇవాళ గుంటలతో కనిపిస్తుంది, సాల్వెంటే చేసిందని అనుకుంటారు. మూడోది ముందే చెప్పిన కలగాపులగం, రెండు కంపెనీల సాల్వెంట్లు లోపల కలిసిపోవడం. క్రోమియం పూత ఉన్న బ్యారెళ్లకు ఇదే మాట వర్తిస్తుంది. పూత బీటలు వారి ఉంటే దాని కింది ఉక్కు దాకా ద్రవం చేరుతుంది కనుక ఆరబెట్టడంలో అశ్రద్ధ పనికిరాదు.

ఉక్కును ఏమీ చేయని అమ్మోనియా ఇతర వస్తువులను వదిలిపెట్టదు. స్టాకు (తుపాకీ కర్ర భాగం) మీది లక్క, వార్నిష్ మెత్తబడతాయి, ట్రిగ్గర్ లోపలికి జారిన సాల్వెంటు అక్కడి నూనెతో కలిసి జిగురుగా మారుతుంది. తూటా డొక్కులను అమ్మోనియాకు దూరంగా ఉంచమని గట్టిగా చెబుతాను, దీనికి చరిత్రలో ఒక గట్టి ఉదాహరణ ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో భారతదేశంలోని బ్రిటిష్ సైన్యం వర్షాకాలంలో ఇత్తడి తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ ఉంచేది. వానలు వెలిశాక తీసి చూస్తే డొక్కులు నిలువునా చీలి ఉండేవి. కారణం 1921లో గానీ తేలలేదు. గుర్రాల మూత్రం నుంచి వెలువడిన అమ్మోనియా, వేడి చేయకుండా సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిన ఒత్తిడి, ఈ రెండూ కలిసి ఆ చీలికలను తెచ్చాయి. శుభ్రం చేసే బల్ల మీదే రీలోడింగ్ డొక్కులు (మళ్లీ మందు నింపి వాడుకునేవి) తెరిచిపెట్టుకునే అలవాటు మీకు ఉంటే ఇవాళే మానుకోండి.

పని చేసే పద్ధతిని విస్తరించి చెప్పను, మీకు చాలావరకు తెలిసినదే. తుపాకీ ఖాళీగా ఉందని ఛాంబర్‌లోకి కంటితోనూ వేలితోనూ చూసి నిర్ధారించుకుని, బోల్టు తీసి, రాడ్ పక్కలకు ఒరుసుకోకుండా నడిపించే బోర్ గైడ్ పెట్టి, మజిల్ కొంచెం కిందికి వాలుగా ఉండేలా రైఫిల్‌ను స్టాండు మీద నిలపండి. సాల్వెంటు ట్రిగ్గర్ వైపు కాకుండా మజిల్ వైపు జారాలి. రాడ్ ఒకే ముక్కగా, పిడి స్వేచ్ఛగా తిరిగేదిగా ఉండాలి. ప్యాచ్ రైఫ్లింగ్ వెంట తిరగకపోతే అది గాడుల అడుగును తాకదు, గట్ల పైభాగాన్నే పాలిష్ చేసి వస్తుంది. మజిల్ బయటికి వచ్చిన జాగ్‌ను లోపలికి లాగేటప్పుడు రాడ్ మజిల్ అంచుకు ఒరుసుకోకుండా చూసుకోండి. కచ్చితత్వం విషయంలో మజిల్ అంచుకు పడిన గీత రాగి కన్నా ఎక్కువ హాని చేస్తుంది. కాల్చిన వెంటనే బ్యారెల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు శుభ్రం చేయడం మంచిదే గానీ, చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే సాల్వెంటు పని మొదలుపెట్టక ముందే ఆవిరవుతుంది.

అమ్మోనియా వాడిన రోజు కిటికీలు తెరవండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పనిరోజు మొత్తానికి సగటున 25 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 25 భాగాలు), 15 నిమిషాలకు 35 పీపీఎం పరిమితిగా చెబుతుంది, 300 పీపీఎం దగ్గర ప్రాణానికే ముప్పు అంటుంది. మూసిన చిన్న గదిలో తెరిచిన సీసా మీద వంగి పనిచేస్తే కళ్లు మండటం మొదలయ్యేసరికే ఆ పరిమితులకు దగ్గరవుతారు. బ్లీచింగ్ ద్రవాన్ని అమ్మోనియాతో ఎప్పుడూ కలపకూడదు, క్లోరమైన్ అనే విషవాయువు పుడుతుంది. అదే బ్లీచ్‌లోని క్లోరైడ్ స్టెయిన్‌లెస్‌కు కూడా శత్రువే. వాసన లేని సాల్వెంటు కదా అని చేతికి తొడుగు లేకుండా వాడవద్దు. ఆ అమీన్లు వాసన రాకుండానే చర్మాన్ని ఒరుస్తాయి. నైట్రైల్ తొడుగులు సరిపోతాయి. ఇంట్లో నేల తుడిచే అమ్మోనియాతో పని కానిచ్చేద్దామా అని కొందరు అడుగుతుంటారు. అది రాగిని కరిగిస్తుంది, నిజమే, కానీ దానిలో ఉపరితలానికి అంటిపెట్టుకునే నూనె ఉండదు. త్వరగా ఆవిరై నీటిని వదిలి వెళుతుంది. కూడబెట్టే ఆ కాస్త డబ్బు కోసం తుప్పును పిలవడం నాకు తెలివిగా అనిపించదు.

రుబ్బే పేస్టుల గురించి: జేబీ బోర్ కాంపౌండ్ లాంటివి రసాయనంగా కాక, ఒరిపిడితో పనిచేస్తాయి. మూడు ఆవృత్తాల తరువాత కూడా కదలని మసి, ముఖ్యంగా థ్రోట్ దగ్గర గట్టిపడిన ఉంగరం మిగిలితే, అక్కడికే పరిమితమై చిన్న చిన్న కదలికలతో వాడవచ్చు. రాగి ఒక్కదాని కోసమే అయితే దాని జోలికి వెళ్లను. విద్యుత్తుతో రాగిని లాగే పరికరాలు కూడా ఉండేవి. బ్యారెల్ మధ్యలో కడ్డీ పెట్టి, ద్రావణం నింపి, తక్కువ వోల్టేజీ ఇస్తే రాగి కడ్డీ మీదికి చేరుతుంది. సరైన ద్రావణం, సరైన వోల్టేజీ కుదిరితే బాగానే పనిచేస్తాయి, కుదరకపోతే ఉక్కూ కరగవచ్చు. మంచి నురగ దొరుకుతున్నప్పుడు ఆ తిప్పలు అనవసరం.

మీ వద్ద ఉన్న మరో రెండు తుపాకుల గురించి చివర్లో రాశారు కనుక వాటికీ రెండు మాటలు. .22 రిమ్‌ఫైర్ తూటాలు చాలావరకు సీసానివి, రాగి పూత ఉన్నా అది అతి పలచన. దానికి రాగి సాల్వెంటు పనిలేదు. ఎయిర్ రైఫిల్‌లో అసలే వద్దు, ఘాటు ద్రవాలు దాని సీళ్లను పాడుచేస్తాయి. పాత మిలిటరీ తూటాలు కాల్చే ఆలోచన ఉంటే మాత్రం విషయం పూర్తిగా వేరు. మందును అంటించే వాటి ప్రైమర్‌లోని పొటాషియం క్లోరేట్ కాలి పొటాషియం క్లోరైడ్‌గా మిగులుతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చి తుప్పు తెస్తుంది. దాన్ని కడిగేది నీరు మాత్రమే, నూనె సాల్వెంట్లు కాదు. అదే రోజు వేడి నీటితో కడిగి, ఆరబెట్టి, ఆ తరువాతే రాగి సంగతి చూడాలి.

ఎంతవరకు శుభ్రం చేయాలి అన్నదానికి నా అలవాటు ఇది. రాగి పూర్తిగా లేని బ్యారెల్ నాకు లక్ష్యం కాదు. అడ్డగీతల్లో కూరుకున్న కాస్త రాగి ఒక విధంగా ఆ గీతలను పూడ్చి, తూటా నుంచి తూటాకు పరిస్థితిని సమంగా ఉంచుతుంది. పూర్తిగా వొట్టి ఉక్కు దాకా తీస్తే మొదటి కొన్ని తూటాలు గ్రూపులో చేరవు, బ్యారెల్ మళ్లీ కుదురుకోవాలి. బోర్‌స్కోప్ (బ్యారెల్ లోపలిని చూపే సన్నని పరికరం) ఇప్పుడు చవకగా దొరుకుతోంది, ఒకటి కొనుక్కోవడం మంచిదే, కానీ దానిలో కనిపించే ప్రతి బంగారు రంగు మెరుపునూ శత్రువుగా చూసేవారు చివరికి బ్యారెల్‌ను కాల్చి కాదు, తోమి తోమి అరగదీస్తారు. గ్రూపు పెరగడం, లేదా మజిల్ దగ్గర చారలు ఒకదానితో ఒకటి కలిసిపోయి గట్టు మొత్తం రాగి రంగుకు మారడం, ఈ రెండే నాకు శుభ్రం చేయవలసిన సంకేతాలు.

కాబట్టి ఈ వారం ఇలా చేయండి. మొదటి సాయంత్రం కార్బన్ సాల్వెంటు, కంచు బ్రష్షు, పది పన్నెండు సార్లు, తరువాత ప్యాచ్‌లు నలుపు తగ్గేవరకు. బ్యారెల్‌ను ఆల్కహాల్‌తో తుడిచి ఆరాక నురగ నింపి రాత్రంతా వదిలేయండి. మజిల్ కింద ఒక గుడ్డ పెట్టడం మరవద్దు, కారే నీలం బల్లకు పట్టుకుంటే పోదు. తెల్లవారి తుడిచి, మళ్లీ కార్బన్, మళ్లీ నురగ. మూడో రాత్రి తరువాత ప్లాస్టిక్ జాగ్ మీది ప్యాచ్ ఐదు నిమిషాలు ఆగినా లేత నీలానికి మించకపోతే అక్కడ ఆపండి. మించితే, అప్పుడు ఆ అమ్మోనియా సీసాను తీసి, 10 నిమిషాల చొప్పున రెండు సార్లు, గడియారం చూసుకుంటూ వాడండి, ప్రతిసారీ పూర్తిగా తుడవండి. నూనె ప్యాచ్ ఒకటి పంపి పెట్టెలో పెట్టండి. రేంజ్‌కు వెళ్లిన రోజు కాల్చే ముందు రెండు పొడి ప్యాచ్‌లు పంపి ఆ నూనెను తీసేయండి. బ్యారెల్‌లో నూనె ఉండగా కాల్చిన మొదటి తూటా ఎక్కడికి పోతుందో చెప్పలేం, పీడనం కూడా పెరగవచ్చు. ఆ తరువాత ఐదేసి తూటాల గ్రూపులు కాలుస్తూ ఎన్నో తూటా నుంచి గ్రూపు కుదురుకుందో, ఎన్నో తూటా దగ్గర మళ్లీ విచ్చుకోవడం మొదలైందో రాసిపెట్టుకోండి. ఆ రెండో అంకెకు 50 తూటాలు ముందే శుభ్రం చేయడం మీ బ్యారెల్‌కు సరైన వాయిదా. అది నా బ్యారెల్‌కు సరిపోయే అంకె కాకపోవచ్చు. ఈ మూడు రాత్రుల తరువాత కూడా గ్రూపు 50 మిల్లీమీటర్ల దగ్గరే ఉండిపోతే, రాగిని వదిలేసి స్కోప్ మౌంట్ మరలను, యాక్షన్‌ను స్టాకుకు పట్టి ఉంచే మరల బిగువును చూడండి.